ఘాటు రోడ్డు రాకుమారి

2002 ఫిబ్రవరిలో బెనెట్ కుటుంబం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కువైట్‌లో నా ఉద్యోగానికి అప్పటికి ఆరో ఏడు. నగరంలో ఒక న్యాయవాది కార్యాలయంలో నేను సీనియర్ పరిశోధకుణ్ణి. హోదా వింటే ఘనంగానే ఉంటుంది కానీ, ఆ విభాగంలో నేనూ, ఒక ఫ్యాక్స్ మిషనూ, రెండు ఇనప బీరువాలూ తప్ప ఇంకెవరూ లేరు. పని మాత్రం నాకు నచ్చిన పని. చనిపోయినవారికి వారసులెవరో తేల్చి కోర్టుకు పత్రాలు తయారు చేయడం సగం. మిగతా సగం, కువైటీ కుటుంబాలు తమ దివానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే గదిలో, గోడకు తగిలించుకోవడానికి వంశవృక్షాలు గీయించి ఇవ్వడం. ఆ ఇళ్ళలో తాత తాత పేరు తెలియనివాళ్ళు అరుదు. అందువల్ల వెతుకులాట తక్కువ, సరిచూసుకోవడం ఎక్కువ.

అక్కడికి వెళ్ళక ముందు నేను కడప కలెక్టరేటు రికార్డు గదిలో పన్నెండేళ్ళు పనిచేశాను. ఈస్టిండియా కుంపిణీ కాలపు కాగితాల దుమ్ము పీల్చి పీల్చి తుమ్ములకు అలవాటు పడ్డ ముక్కు నాది. మా యజమాని అబూ ఫైసల్‌కు నా గురించి బాగా నచ్చిన సంగతి అదే. ఎక్కడో లండన్ గ్రంథాలయంలోనో, మన జిల్లా కచేరీలోనో ఉన్న పాత కాగితాన్ని రప్పించి చదవగలవాడు ఒకడు తన ఆఫీసులో ఉన్నాడని ఆంగ్లేయ స్నేహితులందరికీ చెప్పుకునేవాడు. బెనెట్ గారు అలాగే వచ్చారు.

ఆయన ఓడరేవు కట్టడాల ఇంజనీరు. ఫహాహీల్‌లో సముద్రం వైపు ఫ్లాట్‌లో భార్య మార్గరెట్ గారితో ఉండేవారు. ఆ వేసవికి రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోబోతున్నారు. ఆయన ముత్తాతకు తాత థామస్ బెనెట్ 1840ల్లో కుంపిణీ రోడ్ల శాఖలో సార్జెంటు ఓవర్సీరు. అంటే సైన్యంలో చేరి, తర్వాత కూలీలతో రోడ్లు వేయించే పనికి మారినవాడు. కడప కొండల అవతల భాగం అప్పటికి కుంపిణీ వాళ్ళకు ఇంకా సరైన రోడ్లు లేని సీమే. అక్కడ ఒక స్థానిక స్త్రీని పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, జ్వరంతో పోయాడు. ఆ స్త్రీ ఒక రాకుమారి అని బెనెట్ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చి, మే నెలలో జరిగే వీడ్కోలు విందుకు వంశవృక్షం సిద్ధం చేయాలి. అదీ నా పని.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఒక విషయం తెలుసు. ఆంగ్లేయుల ఇళ్ళలో భారతీయ ముత్తవ్వ ఎవరైనా ఉంటే ఆమె తప్పనిసరిగా రాకుమారే. అంతమంది రాకుమార్తెలు నిజంగా ఉండి ఉంటే మా జిల్లాలో ఊరికి రెండు కోటలు కట్టినా చాలేవి కావు. అలాంటి కథ వినగానే పక్కన పెట్టి, కాగితం ఏమంటుందో చూడాలి. నేను కొత్తవాళ్ళకు మొదట చెప్పే పాఠం ఇదే. ఆ ఫైలులో నేను మొదట మరిచిపోయిన పాఠం కూడా ఇదే.

లండన్ నుంచి థామస్ సర్వీసు వివరాల నకలు వచ్చింది. భార్య గురించి అందులో ఒక్క మాట లేదు. కడపలో నా పాత సహోద్యోగి నరసింహులుకు ఉత్తరం రాశాను. ఆయన నెల రోజులు కట్టలు విప్పి, చివరికి ఒక అర్జీ ఫొటోకాపీ పంపాడు. సార్జెంటు చనిపోయాక అతని పెండ్లాము ముత్యాలు కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ. గువ్వలచెరువు ఘాటు రోడ్డులో రెండో వంతెన పక్కనున్న ఇల్లు తనకూ పిల్లలకూ వదిలేయమని వేడుకోలు. రాసింది కరణమో, కచేరీ బయట కూర్చునే రాయసగాడో. అడుగున ఆమె నిశాని.

నిశాని అంటే చదువురానివాళ్ళు సంతకానికి బదులు పెట్టే గుర్తు. వేలిముద్రలు రాకముందు ఎవరి పనిముట్టు వాళ్ళు గీసేవాళ్ళు. రైతు నాగలి గీస్తాడు, బట్టలు కుట్టేవాడు కత్తెర గీస్తాడు. పాలెగాళ్ళ ఇళ్ళవాళ్ళు కటారి గీస్తారు. రికార్డు గదిలో ఇలాంటివి వందలు చూశాను. ముత్యాలు గీసిన గుర్తులో ఒక నిలువు గీత, కింద కొస మొనతేలి ఉంది. పైన ఒక అడ్డగీత. పక్కన మూడు చుక్కలు. నాకు చూడగానే కటారి అనిపించింది. మీసం మెలేసుకున్నంత పని చేశాను.

నివేదిక రాశాను. మా పద్ధతి ప్రకారం ప్రతి వాక్యానికీ కుడివైపు ఆధారం చూపాలి. ఆధారాల్లో మూడు తరగతులు: అసలు కాగితం, నకలు, మౌఖికం. మౌఖికమంటే నోటితో చెప్పిన సంగతి, దానికి చెప్పినవారి పేరూ ఊరూ తప్పనిసరి. పేరు లేని సాక్షి మాకు సాక్షి కాడు. ఆ పద్ధతంతా పాటించి, గుర్తును బట్టి ఈమె బహుశా పాలెగాళ్ళ కుటుంబపు ఆడపడుచు అని రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేశాను. బహుశా అన్న మాట అందులో ఉంది, అబద్ధమాడను. కానీ ఆ మాట రాసేటప్పుడు నాకే దాని మీద నమ్మకం లేదు. బెనెట్ దంపతుల ముఖాల్లో సంతోషం చూడాలని అప్పటికే తొందరగా ఉంది.

మార్గరెట్ గారు నివేదిక చదువుతూ ఆ బహుశాను దాటుకుని వెళ్ళిపోయారు. ముత్యాలు అనే పేరుకు అర్థమేమిటని అడిగి, చెప్పగానే భర్త వైపు విజయగర్వంతో చూశారు. ఇంకేముంది, పనులు మొదలయ్యాయి. కిరీటం ఆకారంలో కేకు చెప్పారు. తనకోసం ఫహాహీల్ బజారులో పట్టుచీర కొన్నారు. వంశవృక్షాన్ని నిలువెత్తు చెక్క మీద రంగులతో వేయించడానికి షువైఖ్‌లోని ఒక వర్క్‌షాపుకు పురమాయించారు. దాని నెత్తిన బంగారు రంగులో కటారి.

విందుకు ఇంకా రెండు వారాలుందనగా, చెక్క మీద వేయాల్సిన పేర్లు ఆఖరుసారి సరిచూడటానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. దంపతులిద్దరూ ఇంకా బయటినుంచి రాలేదు. అర్జీని పెద్దగా కాపీ తీయించిన కాగితం బల్ల మీద పరిచి కూర్చున్నాను. వాళ్ళింట్లో పనిచేసే ఓబులమ్మ టీ తెచ్చింది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది, నలభై దాటి ఉంటాయి. అరబ్బు ఇళ్ళలో పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు; అంతకుముందు అలాంటి ఇంట్లో పనిచేసిన అలవాటు కొద్దీ మార్గరెట్ గారిని కూడా అలాగే పిలిచేది. నేను తమ జిల్లావాణ్ణని తెలిసినప్పటి నుంచి నా టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసేది.

కప్పు పెట్టి వెళ్ళబోతూ ఆగింది.

"ఎవురిది సార్ ఈ గుర్తు?" అని అడిగింది.

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. పాలెగాళ్ళు, కోటలు, కటారి. ఆమె ఓపికగా అంతా విన్నది.

"కటారి యాడుంది సార్ ఇందులో? ఇది ఉలి గదా. పైన అడ్డం ఉండేది సమ్మెట. చుక్కలు ఆ ఇంటోళ్ళ గుర్తు. మా అవ్వోళ్ళది రెండు చుక్కలు. వీళ్ళెవురో మూడు చుక్కలోళ్ళు."

ఆమె చెప్పింది ఇది. వాళ్ళది రాళ్ళు కొట్టే కుటుంబం. బండ దగ్గర పది ఇళ్ళవాళ్ళు కలిసి పని చేస్తే, ఎవరు ఎన్ని రాళ్ళు చెక్కారో మేస్త్రీ లెక్క చూసుకోవాలి కాబట్టి, ఒక్కో ఇల్లు తన రాయి మీద తన గుర్తు కొడుతుంది. ఉలీ సమ్మెటా అందరికీ ఒకటే. చుక్కలు మాత్రం ఇంటికో లెక్క. ఆడవాళ్ళు కూడా చెక్కేవాళ్ళు, ఆడవాళ్ళూ కొట్టేవాళ్ళు ఆ గుర్తు. చిన్నప్పుడు ఓబులమ్మ కూడా కొట్టింది.

నాకు మొదట వచ్చింది కోపం. దాచుకోవడమెందుకు? పన్నెండేళ్ళు రికార్డు గదిలో పనిచేసినవాడికి టీ ఇచ్చే మనిషి నేర్పడమేమిటి అనిపించింది. ఆ కోపంతోనే కాగితం దగ్గరికి లాక్కుని చూశాను. కటారికి పిడి దగ్గర రెండు అడ్డపట్టీలు ఉంటాయి. నేను చూసిన ప్రతి నిశానిలోనూ రెండు ఉన్నాయి. ఇందులో ఒక్కటే ఉంది, అదీ ఒకవైపు లావుగా. శుభ్రంగా పప్పులో కాలేశాను.

నా ముఖం చూసి ఓబులమ్మకు తన మాట ఎంత దూరం పోతుందో అర్థమైంది. గొంతు తగ్గించింది.

"నేను జెప్పినానని చెప్పాకండి సార్. నా పేరు యాడా రాయాకండి. మామ పోతా పోతా నన్ను ఇంకో ఇంట్లో పెట్టిస్తానంది. రిలీజు కాయితం మీద ఆమె సంతకం పడాల. ఆమెకు కోపమొస్తే ఖలాస్, నేను ఇంటికి పోవాల్సిందే. మా ఇంటికి గోడలు లేసినాయి, స్లాబు పడల్యా ఇంకా."

కువైట్‌లో ఇంటిపనివాళ్ళ ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, యజమాని పేరు మీదే ఉంటుంది. యజమాని దేశం వదిలి వెళ్తూ విడుదల పత్రం మీద సంతకం చేస్తేనే వేరే ఇంటికి మారొచ్చు. అందులో ఆమె భయపడినదంతా నిజమే. సరేనమ్మా, రాయను అన్నాను. అని ఆఫీసుకు వచ్చాక తెలిసింది, ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో.

ముందు ఆమె చెప్పింది సరైనదో కాదో తేల్చాలి. నరసింహులుకు ఫోను చేశాను. అర్జీలో రెండో వంతెన అని ఉంది కదా, అది ఇంకా ఉందా, ఉంటే రాళ్ళ మీద ఏమైనా గుర్తులున్నాయా చూడమన్నాను. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి, ఆదివారం పూట స్కూటరేసుకుని ఘాటు ఎక్కి, వంతెన కిందికి దిగి, రాళ్ళ మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చులు తీశాడు. తేళ్ళున్నాయని నన్ను తిట్టాడు కూడా. మర్నాడు ఫ్యాక్స్ వచ్చింది. నల్లగా అలుక్కుపోయిన కాగితాల్లో ఉలి, సమ్మెట, మూడు చుక్కలు. ఒక రాయి మీద కాదు, వరసగా చాలా రాళ్ళ మీద. అర్జీ మీద ఉన్నదీ అదే గుర్తు. ముత్యాలు ఇల్లు వంతెన పక్కన ఎందుకుందో కూడా దాంతో తెలిసిపోయింది. వంతెన కట్టడానికి వచ్చిన కుటుంబం అది.

అబూ ఫైసల్‌కు జరిగింది చెప్పాను. ఆయన చేతిలోని తస్బీ జపమాల పూసలు తిప్పి, సంతకం నీది, నువ్వే వెళ్ళి చెప్పు అన్నాడు. కొత్త నివేదిక టైపు చేశాను. ఆధారాల్లో మొదటిది అర్జీ, నకలు. రెండోది రాళ్ళ అచ్చులు, నకలు. మూడోది ఆ గుర్తుకు అర్థం చెప్పినవారు, మౌఖికం. దాని ఎదురుగా పేరు ఉండాలి. నేను ఖాళీగా వదిలేశాను. నా ఉద్యోగ జీవితంలో ఖాళీ వదిలిన ఆధారం అదొక్కటే. ఎవరైనా అడిగితే నరసింహులు పేరు చెబుదామని మనసులో సిద్ధం చేసుకున్నాను. అదీ అబద్ధమేనని తెలుసు.

విందుకు నాలుగు రోజుల ముందు బెనెట్ దంపతుల ఎదుట కూర్చున్నాను. నా నివేదిక తప్పని, రాకుమారి కాదని, రాళ్ళు చెక్కి వంతెనలు కట్టే కుటుంబపు ఆడమనిషని చెప్పాను. మార్గరెట్ గారు కిటికీ వైపు తిరిగారు. ఆమె ఆలోచన కేకు మీద ఉందని నాకు గట్టి అనుమానం.

బెనెట్ గారు ఫ్యాక్స్ కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశారు. తర్వాత నన్ను మూడు ప్రశ్నలడిగారు. వంతెన కమాను ఎంత వెడల్పు? సున్నంతో కట్టారా, ఉత్త రాయేనా? ఇప్పుడు దాని మీద ఏం నడుస్తోంది? మొదటి రెండింటికీ నాకు జవాబు తెలియదు. మూడోది తెలుసు. కడప నుంచి రాయచోటి పోయే బస్సులన్నీ దాని మీదే పోతాయి, నాపరాళ్ళ లారీలు కూడా అన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపటికి గానీ ఆపలేదు. రాకుమారి గురించి విన్నప్పుడల్లా ఎవరో పరాయి మనిషి గురించి విన్నట్టుండేదని, ఇప్పుడే మొదటిసారి ఒక బంధువు గురించి వింటున్నట్టుందని అన్నారు. తానూ, తండ్రీ, కొడుకూ ముగ్గురూ కట్టడాల ఇంజనీర్లేనట.

నాకు ఊపిరాడింది. అంతలో ఆయన వేలు మూడో ఆధారం మీద ఆగింది. ఈ గుర్తుకు అర్థం మీకు ఎవరు చెప్పారు, ఇక్కడ పేరు లేదేమిటి అన్నారు. ఇంజనీరు కదా, ఖాళీ ఎక్కడుంటే కన్ను అక్కడికే పోతుంది.

నేను నోరు తెరిచాను. నరసింహులు పేరు నాలుక చివర ఉంది. టీ పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడ్డ ఓబులమ్మకు మా ఇంగ్లీషు పూర్తిగా తెలియకపోయినా, ఖాళీ మీద ఆగిన వేలూ, నా తడబాటూ తెలిశాయి. పళ్ళెం బల్ల మీద పెట్టింది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, తనే చెప్పానని, అది తన వాళ్ళ పని అని చెప్పేసింది. చెప్పి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. నాకు ఆమె గురించి భయమూ, నా మీద సిగ్గూ ఒక్కసారే కలిగాయి.

మార్గరెట్ గారు ఇటు తిరిగారు. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు అని ఓబులమ్మను అడగమన్నారు. అడిగాను.

"పెద్దోళ్ళ అవ్వను రాళ్ళు కొట్టేదాన్ని జేస్తే ఎవురికి బాగుంటాది మామా? మీరు ఈడ మాలాంటోళ్ళను పనికి పెట్టుకుంటారు, అవ్వను జేసుకోరు గదా."

మెత్తగా మార్చి చెప్పొచ్చు. కానీ అప్పటికే ఒక తప్పు నివేదిక ఇచ్చి ఉన్నాను. ఉన్నదున్నట్టు అనువదించాను. మార్గరెట్ గారి ముఖం ఎర్రబడింది. తర్వాత ఆమె లేచి, ఓబులమ్మ తెచ్చిన పళ్ళెంలోంచి కప్పు తీసి మొదట ఓబులమ్మకిచ్చి, కుర్చీ చూపించారు. కేకు మాత్రం మార్చడానికి వీల్లేదని, కిరీటంతోనే వస్తుందని, దానికి అందరూ సర్దుకోవాలని ప్రకటించారు.

ఓబులమ్మ కుర్చీ అంచున కూర్చుని, రెండు గుక్కలు తాగి, తేరుకుంది. తేరుకున్నాక ఆమెను ఆపడం కష్టమైంది. మూడు చుక్కలోళ్ళు తమకు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళని, వరస కడితే బెనెట్ సారు తనకు బావ అవుతాడని లెక్క తేల్చింది. అది కూడా అనువదించాను. బెనెట్ గారు లేచి ఆమెకు చెయ్యి ఇచ్చారు. మార్గరెట్ గారు అప్పుడు నవ్వారు. ఆ వరస మాత్రం నేను నివేదికలో రాయలేదు. దానికి ఆధారం లేదు.

మర్నాడు షువైఖ్ వర్క్‌షాపుకు ఓబులమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. చెక్క మీది కటారిని గీకేసి ఉలీ సమ్మెటా వేయాలి. ముల్తాన్ నుంచి వచ్చిన అక్కడి పెయింటరు సమ్మెటను రెండుసార్లు వడ్రంగి సుత్తిలా వేశాడు. ఓబులమ్మ తన ఉర్దూలో ఐసా నహీ భయ్యా అంటూ, కుంచె ఇమ్మని తానే గీసి చూపించింది. గురువారం విందులో చెక్క బాగానే నిలబడింది. కిరీటం కేకూ బాగుంది.

దేశం వదలడానికి వారం ముందే మార్గరెట్ గారు విడుదల పత్రం మీద సంతకం చేసి, ఓబులమ్మను ఫహాహీల్‌లోనే మరో ఇంట్లో చేర్చి వెళ్ళారు. నివేదిక తుది ప్రతిలో మూడో ఆధారం ఎదురుగా రాయబోతూ ఓబులమ్మకు ఫోను చేసి, ఇప్పుడు నీ పేరు రాయొచ్చా అని అడిగాను.

"రాయండి సార్. ఇంటిపేరు, నాయన పేరు, ఊరు గూడా రాయండి. ఉత్త ఓబులమ్మంటే మా ఊర్లోనే పదిమంది ఉండారు" అంది.

ఆమె చెప్పిన వరసలోనే రాశాను. దాని పక్కన తరగతి, మౌఖికం.

తర్వాత పదకొండేళ్ళు అదే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. బెనెట్ ఫైలు వల్ల నా పద్ధతిలో వచ్చిన మార్పు ఒక్కటే. ఏ నివేదిక మీదైనా సంతకం పెట్టే ముందు, కాగితంలోని ఊరివాళ్ళుగానీ ఆ పని తెలిసినవాళ్ళుగానీ ఎవరైనా ఆ ఇంట్లో, వంటగదిలో, కారు డ్రైవర్లలో ఉన్నారేమో కనుక్కుని, కాగితం వాళ్ళకు చూపించేవాణ్ణి. దానికి ఒక టీ తాగేంత సమయం పట్టేది. చాలాసార్లు నేను రాసిందే సరైనదని తేలింది. కొన్నిసార్లు కాదని తేలింది, ఆ నివేదికలు మళ్ళీ మొదటినుంచి రాశాను.